మీ ఊరి చర్చి చరిత్ర రాయడం ఎలా?

జూబ్లీ దగ్గరపడగానే సంఘంలో ఒక కమిటీ పడుతుంది, ఆ కమిటీ ఒక సావనీర్ వేస్తుంది. తెరిస్తే మొదట శుభాకాంక్షలు, తర్వాత పాస్టర్ల ఫోటోలు వరసగా, మధ్యలో బట్టల షాపు ప్రకటనలు. పునాది తవ్వినవాళ్లు, వాడవాడా తిరిగి పాటలు నేర్పిన బైబిల్ ఉమన్ ఎక్కడా కనిపించరు. నల్లగొండ, పాలమూరు వైపు ఉన్న మీ చర్చికి అంతకంటే మంచి పుస్తకం రావాలంటే పని ఇలా మొదలుపెట్టండి.

మీది ఏ మిషనో ముందు తేల్చుకోండి

ఏ రిజిస్టర్లు ఉంటాయి, ఎవరి దగ్గర ఉంటాయి అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. మన దిక్కున పాత సంఘాల్లో ఎక్కువ బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్లవి. 1889లో రష్యా నుంచి బయల్దేరిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద నల్లగొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీలు నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు సాగారు. మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు 1937లో బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికి వచ్చాయి. అందుకే ఒకే చర్చి పాత కాగితాల్లో బాప్టిస్టు అని, తర్వాతి వాటిలో ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరన్) అని కనిపిస్తే కంగారు పడొద్దు.

ప్రెస్బిటేరియన్ సంఘాలు ఇక్కడ తక్కువే. మీది అదే అయితే ముందుగా అడగాల్సింది సెషన్ మినిట్స్ బుక్కు. సెషన్ అంటే సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టర్ కలిసి కూర్చునే సభ. దాని మినిట్స్‌ను పైనున్న ప్రెస్బిటరీ, అంటే ఆ ప్రాంత సంఘాలన్నిటి పెద్ద సభ, తనిఖీ చేయడం ఆ పద్ధతిలో భాగం, కాబట్టి ఎవరు చేరారు, ఎవరిని మందలించారు అన్నదంతా రాసిపెట్టి ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లు పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తారు, ఆ రిజిస్టర్లలో తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. బాప్టిస్టులు, ఎంబీలు విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. వాళ్ల బాప్తిస్మం తేదీని పట్టుకుని పుట్టిన సంవత్సరం లెక్కకడితే తప్పులో కాలేసినట్టే.

కాగితాలు

చర్చి బీరువాలో సగమే ఉంటాయి. మిగతావి పాత ట్రెజరర్ ఇంట్లో, అటక మీద ట్రంకు పెట్టెలో ఉంటాయి. ఇంటికి తెచ్చుకుంటామని అడగకండి. వాళ్ల వాకిట్లోనే, పగటి వెలుతురులో ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసుకోండి. అట్ట లోపలి వైపు, చివరి ఖాళీ పేజీలు కూడా వదలొద్దు. సున్నం, పెంకులు, కూలీ లెక్కలు రాసుకునేది అక్కడే.

స్థలం సంగతి రెవెన్యూ రికార్డుల్లో చూడాలి. 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డులో, ఆ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉందో చూడండి. అంతకు ముందువి నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు, చదివిపెట్టే పెద్దమనిషి దొరకాలి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరం, ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి అయితే 591 కలపండి. 1344 ఫసలీ ఆజూర్ అంటే 1934 అక్టోబరు. పోలీస్ యాక్షన్ జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీలోకి వస్తుంది.

పెద్దవాళ్లను అడిగే తీరు

‘గుడి ఏ సంవత్సరంలో కట్టారు?’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘అవ్వా, నీ లగ్గమప్పుడు గుడి మీద పెంకులున్నయా, రేకులున్నయా?’ అనండి, వెంటనే చెప్తుంది. రజాకార్ల గడబిడ, సాగర్ డ్యామ్ పనులు, ఊళ్లోకి కరెంటు రావడం, ఇలాంటివి గుర్తులుగా పెట్టుకుని ముందా వెనకా అని అడగాలి. సాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రెండింటి మధ్య అని తేలినా సగం పని అయినట్టే.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. మగవాళ్ల ముందు ‘మాకేం తెలుసు బిడ్డా’ అంటారు. సంస్కారం (ప్రభురాత్రి భోజనం) గిన్నెలు ఎవరు కడిగేవాళ్లు, పిడికెడు బియ్యం కానుక ఎవరు పోగుచేసేవాళ్లు, బొంబాయికి వలస పోయినప్పుడు ఆరాధన ఎక్కడ చేసుకున్నారు, ఇవి అడిగితే అసలు చరిత్ర బయటికొస్తుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పనక్కర్లేదు.

పేర్లు అచ్చు వేసే ముందు

అన్నింటికంటే జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు. మన చర్చిల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. చాలామందికి కుల సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుడిలో ఒక పేరు. మీరు సరదాపడి బాప్తిస్మం రిజిస్టర్ పేజీ ఫోటో పుస్తకంలో వేస్తే, ఎవరింట్లోనో పిల్ల ఉద్యోగం గురించి టెన్షన్ మొదలవుతుంది. బతికున్నవాళ్ల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు అడక్కుండా వేయొద్దు. వద్దన్నవాళ్లను కారణం అడగొద్దు.

కులం ఊసే లేకుండా రాయడం మాత్రం నాకు నచ్చదు. గుడి వాడలో ఎందుకుంది, ఊరి బావి దగ్గర ఏం జరిగేది, మిషన్ బడిలో మొదట కూర్చున్నది ఎవరు అన్నవి వదిలేస్తే మిగిలేది బిల్డింగ్ చరిత్రే.

రాసేటప్పుడు

పాస్టర్ల జాబితా ఒక్క పేజీలో ముగించండి. చీలికలు లేని సంఘం ఉండదు. ఎప్పుడు, ఎంతమంది, ఎక్కడికి వెళ్లారో రాసి ఊరుకోండి. కోర్టులో కేసు నడుస్తుంటే ఆర్డరులో ఉన్న మాట దాటొద్దు.

అచ్చుకు ఇచ్చే ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిత్తుప్రతి గట్టిగా చదివించండి. గొడవ అవుతుంది, కానివ్వండి. అరిచినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి, పాత ఫోటోలు వాళ్ల దగ్గరే ఉంటాయి.