అడిగినదానికే జవాబు చెప్పడం నాకెలా అలవాటైందంటే

హైదరాబాద్‌లో వరసగా మూడు ఇంటర్వ్యూలు పోయాక, చివరిదాంట్లో ఉన్న ప్యానెల్ మేడమ్‌నే ధైర్యం చేసి అడిగాను, ఎక్కడ తేడా వచ్చిందని. "నీకు సబ్జెక్ట్ వచ్చమ్మా, కానీ ప్రశ్న ఒకటైతే నువ్వు చెప్పేది ఇంకోటి" అన్నారు. నిజమే. నోటీస్ పీరియడ్ ఎంత అంటే రెండు నెలలు అని ఆపకుండా, మేనేజర్ ఒప్పుకుంటారో లేదో, ప్రాజెక్ట్ ఎప్పుడు అయిపోతుందో అన్నీ చెప్పేసేదాన్ని, దాంతో వాళ్లకి లేని అనుమానాలు వచ్చేవి.

ఆ రాత్రి నుంచి నా జవాబులు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నాను. ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌తో పని చేయించే భాషలో, డిలీట్ కమాండ్‌కీ ట్రంకేట్ కమాండ్‌కీ తేడా ఏంటన్న ప్రశ్నకి నాలుగు నిమిషాలు మాట్లాడాను, అసలు తేడా చివర్లో వచ్చింది. ఇప్పుడు మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను: డిలీట్‌లో వేర్ కండిషన్ పెట్టి కావాల్సిన వరసలే తీసేయొచ్చు, ట్రంకేట్ టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేస్తుంది. అక్కడ ఆగిపోతాను. రోల్‌బ్యాక్ (చేసిన మార్పుని వెనక్కి తీసుకోవడం) సంగతి వాళ్లు అడిగితేనే, ఎందుకంటే అది ఒరాకిల్ డేటాబేస్‌లో ఒకలా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇంకోలా ఉంటుంది.

అన్నింటికంటే కష్టం, ఆగాక వచ్చే నిశ్శబ్దం. వాళ్లేమో రాసుకుంటుంటారు, మనకేమో టెన్షన్. మనసులో ఐదు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగో ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యాను.