టెన్షన్‌లో ఉన్నప్పుడు నిద్రపుచ్చే పాట పెట్టకండి

విశాఖపట్నం కంచరపాలెంలో మా మేడమీద గదిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి సంగీతం చెబుతాను. వీళ్ళెవరూ కచేరీలు చేద్దామని రారు. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టులతో నిద్ర పోగొట్టుకున్నవాళ్ళు, రైల్వేలో రిటైరయి పొద్దుపోనివాళ్ళు, పిల్లలు అమెరికా వెళ్ళాక ఇల్లు బోసిపోయిందనే అమ్మలు. "మేడమ్, మనసు బాగోడం లేదు" అనే మాటతోనే చాలామంది మెట్లెక్కుతారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వినడం సంగతి. గుండె దడదడలాడుతుంటే చాలామంది జలపాతం చప్పుడులో వేణువు కలిపిన రెండు గంటల వీడియో ఏదో పెట్టుకుంటారు. నాకైతే అవి వింటే ఉన్న చిరాకు ఇంకాస్త పెరుగుతుంది. మనసు పరుగులో ఉంది, పాట పడుకుని ఉంది. రెంటికీ పొత్తు కుదరదు. అయిదు నిమిషాల్లో కట్టేస్తారు.

అప్పటి మీ మనసుకు సరిపడే పాటతోనే మొదలుపెట్టండి. కోపంగా ఉంటే డప్పు గట్టిగా మోగే పాట పెట్టండి, తప్పేం లేదు. తర్వాతది కొంచెం వేగం తగ్గినది, ఆ తర్వాతది ఇంకాస్త నెమ్మది. ఆఖర్న మాటల్లేని వీణో, వయొలినో. మన పక్కనే విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డింగులు దీనికి భలే పనికొస్తాయి. మ్యూజిక్ థెరపీలో ఈ పద్ధతిని ఐసో సూత్రం అంటారు. అమెరికాలో ఇరా ఆల్ట్‌షూలర్ అనే మానసిక వైద్యుడు 1940ల్లోనే దీని గురించి రాశారు.

నాలుగైదు పాటలు చాలు. ఈ లిస్టు మనసు బాగున్న రోజునే తయారుచేసి ఫోన్‌లో పెట్టుకోండి, టెన్షన్‌లో ఉన్నప్పుడు పాటలు వెతకడం అదో టెన్షన్. గూడ్స్ గార్డుగా చేసి రిటైరయిన ఒకాయన తన లిస్టుకి 'దిగుడు' అని పేరు పెట్టుకున్నారు. గాజువాకలో బస్సెక్కి మొదటి పాట పెడితే, ఎన్ఏడీ జంక్షన్ దాటి మా కంచరపాలెం వచ్చేసరికి ఆఖరి పాటలో ఉంటారట.

విషాద గీతాలు వినొచ్చా అని అడుగుతారు. వినండి. ఏడుపొస్తే ఏడవండి. కానీ పాట అయ్యాక బరువు తగ్గిందా, పెరిగిందా చూసుకోండి. అర్ధరాత్రి అదే పాట మళ్ళీ మళ్ళీ తిప్పుతూ పాత సంగతులన్నీ తవ్వుకుంటున్నారంటే ఇక ఆపేయాలి. ఇయర్‌ఫోన్స్‌తోనే నిద్రపోకండి, టైమర్ పెట్టుకోండి. ఫలానా రాగంతో ఫలానా జబ్బు పోతుందని వాట్సాప్‌లో తిరిగే చార్టుల్ని మాత్రం నమ్మొద్దు. నీలాంబరి రాగం వింటే నిద్రొస్తుందంటారు. రాదని అనను. నిదానంగా పాడతాం, జోలపాటలకి వాడతాం, అందుకని రావచ్చు. అంతేగాని అది బీపీ మాత్ర కాదు.

ఇంతకీ నా అసలు పట్టు పాడటం మీద. వింటూ కూడా దిగులుపడొచ్చు, పాడుతూ దిగులుపడటం కష్టం.

ఫోన్‌లో తంబురా యాప్ వేసుకోండి. మగవాళ్ళు ఒకటి శ్రుతి (యాప్‌లో C), ఆడవాళ్ళు అయిదు శ్రుతి (G) దగ్గర మొదలుపెట్టి, గొంతు బిగుసుకుంటే తగ్గించుకోండి. నోరు మూసి షడ్జం, అంటే 'స' స్వరం మీద 'మ్‌' అని నిలపండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు ఆ 'మ్‌'తోనే వదలండి. ఎనిమిది రాకపోతే ఆరు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. అందుకే వదలడాన్ని పొడుగు చేస్తున్నాం. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా గాలి పీల్చుకోండి.

అయిదు నిమిషాలు ఇలా చేశాక నోరు తెరిచి 'ఆ' అనండి. తర్వాత సరళీ వరసలు, అంటే సంగీతంలో మొట్టమొదటి స్వరపాఠాలు, మాయామాళవగౌళ రాగంలో, మొదటి కాలంలోనే, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా. పిల్లల పాఠం కదా అని మొహం చిట్లిస్తారు కొందరు. చేత్తో ఆది తాళం ఎనిమిది అక్షరాలు వెయ్యాలి, నోటితో స్వరం, చెవితో శ్రుతి. ఇన్ని పనులుంటే ఆఫీసులో ఎవరేమన్నారో తలుచుకోడానికి చోటేది? రెండో కాలం, మూడో కాలం అని తొందరపడితే మళ్ళీ పరీక్షే అవుతుంది. శ్రుతి తప్పిందా అని నన్ను అడగొద్దని ముందే చెప్పేస్తాను. తప్పుతుంది, తప్పితే ఏం?

గొంతు విప్పడానికి సిగ్గయితే వీధి రామాలయంలో భజనకి వెళ్ళి చిడతలు పట్టుకోండి. పదిమందిలో మీ గొంతు ఎవరికీ విడిగా వినపడదు, వారానికోసారి "ఏమ్మా, రాలేదేం?" అని అడిగే మనుషులూ దొరుకుతారు. ఒంటరిగా ఉండేవాళ్ళకి నేను సరళీ వరసల కన్నా ముందు ఇదే చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలు పరిశీలించి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని నివేదిక ఇచ్చింది. తోడ్పడతాయి, అంతవరకే. పాట మొదలెట్టాం కదా అని డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానొద్దు. రెండు వారాలుగా నిద్ర లేదు, తిండి సయించడం లేదు అంటే నా దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మన ఊళ్ళోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీపగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళు ఏమనుకుంటారో అనేవాళ్ళకి ఒక మాట. నోరు మూసి చేసే సాధన తలుపు దాటి వెళ్ళదు. గొంతు విప్పాలంటే తెల్లారగట్ల బీచ్ రోడ్డుకి పోవచ్చు, ఆ వేళ బళ్ళు కూడా ఆపేస్తారు. అయితే కెరటాల హోరుతో పోటీపడి అరవకండి, గొంతు బొంగురుపోతుంది. తంబురా ఒక చెవిలో పెట్టుకుని, మీకు వినపడేంత పాడితే చాలు.