జనం అభిప్రాయం ఆన్‌లైన్‌లో ఎలా అడగాలి? ఆఫీసర్లకు కొన్ని సూచనలు

మా వీధిలో రోడ్డు వెడల్పు చేస్తున్నారన్న సంగతి నాకు తెలిసింది వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ వల్ల. స్కాన్ చేసిన కాగితాలు, రెండో పేజీ అడ్డంగా తిరిగి ఉంది, చివర్లో "అభ్యంతరాలుంటే ఆన్‌లైన్‌లో తెలుపగలరు" అని ఒక ముక్క. లింకు నొక్కితే లాగిన్ అవ్వమంది, ఓటీపీ మాత్రం రాలేదు. గడువు అయిపోయాక "అభ్యంతరాలేవీ రాలేదు" అని ఫైల్లో రాసుకున్నారు. మీరు మున్సిపల్ కమిషనరో, ఎంపీడీవోనో అయితే, మీ ఫైల్లో ఆ వాక్యం పడకుండా ఏం చేయాలో చెప్తాను.

ముందు, ఇంకా ఏం మార్చే వీలుందో మీలో మీరు తేల్చుకోండి. టెండర్ ఖరారయ్యాక అభిప్రాయాలు అడగడమంటే పెళ్లయ్యాక జాతకాలు చూడటమే. రోడ్డు వెడల్పు ఖాయమైతే ఆ మాటే చెప్పేయండి, తోపుడు బళ్లు ఎక్కడ పెట్టుకోవాలి, డివైడర్ ఎక్కడ తెరవాలి అన్నవి మాత్రం అడగండి. జనం ఒప్పుకోకపోయినా అర్థం చేసుకుంటారు, దాచిపెడితేనే ఒళ్లు మండుతుంది.

తర్వాత ప్రశ్నలు రాయండి, అసలు కష్టమంతా ఇక్కడే. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సేవల మీద 118 పేజీల పత్రం, 20 ప్రశ్నలు బయటపెట్టింది. అంతా ఎవరు చదువుతారు? కొందరు వాలంటీర్లు కూర్చుని దాన్ని సులువు మాటల్లో విడమరిచి, జవాబులు కూడా రాసిపెట్టాకే 10 లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. ఆ విడమరిచే పని మీ ఆఫీసే చేయాలి. ఒక పేజీ, ఒక మ్యాపు, మూడు ప్రశ్నలు చాలు. "ముసాయిదాపై మీ అభిప్రాయం" అంటే ఎవరూ కదలరు, "బస్టాండు ఎదుట కూరగాయల బళ్లు ఎటు జరపాలి?" అంటే టీకొట్టు దగ్గర కూడా చర్చ మొదలవుతుంది.

తెలుగులో రాయండి, అదీ మాట్లాడుకునే తెలుగులో. 2020లో కేంద్రం తెచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదాను అన్ని భాషల్లో ఇవ్వలేదని ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలన్నిటిలోకి అనువదించమని, గడువు ఆగస్టు 11 దాకా పెంచమని కోర్టు చెప్పింది.

ఫారం ఫోన్లో తెరుచుకోవాలి, లాగిన్ ఉండకూడదు. మీ అటెండర్ ఫోన్ తీసుకుని ఆయన్నే నింపమనండి, ఐదు నిమిషాల్లో అవకపోతే ఫారంలోనే తేడా ఉన్నట్టు. టైపు చేయడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ పంపే నంబర్ ఇవ్వండి. క్యూఆర్ కోడ్ రేషన్ షాపు గోడ మీద, మహిళా సంఘం మీటింగులో ఉంటే చూస్తారు, మీ వెబ్‌సైట్ మూలన ఉంటే ఎవరు చూస్తారు చెప్పండి?

గడువు 30 రోజులు పెట్టండి. 2014లో కేంద్రం పెట్టుకున్న విధానం ప్రకారం బిల్లుల ముసాయిదాలనే కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. ఒకే మెసేజ్ వేలసార్లు వస్తే పారేయకండి, ఒక అభిప్రాయంగా తీసుకుని పక్కన ఎంతమంది పంపారో రాసుకోండి. వచ్చినవి బయటపెట్టేటప్పుడు ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు తీసేయడం మరవద్దు. ట్రాయ్ 2015లో ఐడీలతో సహా వెబ్‌సైట్లో పెట్టేసి నానా తిట్లూ తింది.

ఇక ఎక్కువమంది ఎగ్గొట్టేది జవాబు. ఎన్ని వచ్చాయి, ఏది ఒప్పుకున్నారు, ఏది ఎందుకు కాదన్నారు అనేది అవే వాట్సాప్ గ్రూపుల్లోకి తిరిగి పంపండి. ఇలా రాస్తే చాలు: "పూల మార్కెట్ దగ్గర డివైడర్ తెరవమని 41 మంది అడిగారు. అక్కడ స్కూలు గేటు ఉంది కాబట్టి 50 గజాలు అవతల తెరుస్తున్నాం. పనులు సోమవారం మొదలవుతాయి."