సిస్టర్ జేబులో వచ్చేసిన వార్డు: సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలోని బరంపురంలో డ్యూటీ చేస్తూ ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో కాపురం ఉండే నర్సులు, ఇటు పాతపట్నం నుంచి అటు పర్లాకిమిడికి రోజూ వచ్చిపోయే నర్సులు షిఫ్టు ముగిసే వేళకు ఒక కన్ను రిజిస్టరు మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టి ఉంటారు. బండి తప్పితే తర్వాతిది ఎప్పుడో తెలియదు. ఆ హడావిడిలో జేబులు ఖాళీ చేయడం మరిచిపోతారు. రాష్ట్రం దాటి ఇంటికి చేరాక చూసుకుంటే వార్డులో ఉండాల్సినవి జేబులో ఉంటాయి. పెన్నుల సంగతి ఇక్కడ చెప్పడం లేదు. అవి డాక్టర్ల జేబుల నుంచి మన జేబుల్లోకి, అక్కడి నుంచి పిల్లల కంపాసు పెట్టెల్లోకి వెళ్లడం ఎవరూ ఆపలేరు.

జేబులో చేయి పెట్టగానే సూది గుచ్చుకుంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వాడిన సూదిని కత్తిరించే నీడిల్ కట్టర్ వార్డుకు ఆ చివర ఉంటుంది, రోగి ఈ చివర ఉంటాడు. మధ్యలో ఎవరో పిలుస్తారు. సూదికి మూత పెట్టి జేబులో వేసుకుంటాం. మూత ఊడుతుంది.

వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద కడగండి. గాయాన్ని పిండి రక్తం తీయకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్ పోయకండి. "అది వాడని సూదే అయి ఉంటుంది" అని మనసుకు సర్దిచెప్పుకోవడం ఇక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం వెయ్యిలో సుమారు 3. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారికి ఆ జబ్బు సోకే అవకాశం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. హెచ్‌ఐవీ నివారణ మందులు 2 గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. అందుకని డ్యూటీ చేసే ఆసుపత్రికే వెనక్కి వెళ్లాలన్న పట్టింపు పెట్టుకోకండి. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, దారిలోనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఫోను చేయండి. గుచ్చుకున్నది ఇంట్లో పిల్లలకైనా, బట్టలు ఉతికే మనిషికైనా చేయాల్సింది ఇదే.

సూదిని ఇంటి చెత్తలో వేస్తే రేపు అది పారిశుద్ధ్య కార్మికుల చేతిలో గుచ్చుకుంటుంది. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, వార్డులో సూదుల కోసం పెట్టిన తెల్ల డబ్బాలో పడేయండి. మళ్లీ ఇలా జరగకూడదంటే కట్టర్ ట్రాలీ మీద ఉండాలి. అది అడిగి సాధించుకోవాల్సిన విషయం, సిస్టర్ల అజాగ్రత్త అని తిట్టి సరిపెట్టే విషయం కాదు.

గంజి పెట్టిన యూనిఫారం మీద నల్లటి నీలి మచ్చ

సిరా అనుకుని పెన్నును తిట్టకండి. జేబులో పుండ్లకు వాడే బెటాడిన్ అంటిన గాజుగుడ్డ ముక్క గానీ, మూత వదులైన చిన్న సీసా గానీ ఉండి ఉంటుంది. అందులోని అయోడిన్ గోధుమ రంగుదే, కానీ గంజిలోని పిండిపదార్థం తగలగానే నల్లబడుతుంది. విటమిన్ సి మాత్ర ఒకటి నలిపి నీళ్లలో కలిపి మచ్చ మీద పోస్తే చూస్తుండగానే వెలిసిపోతుంది. తర్వాత బాగా జాడించండి. నిమ్మరసమూ పనిచేస్తుంది, కాకపోతే ఓపిక కావాలి. ఆ గాజుగుడ్డ పుండు మీద వాడినదైతే మచ్చ సంగతి తర్వాత. ముందు ఆ బట్టలను మిగతావాటితో కలపకుండా వేడినీళ్లలో ఉతకండి.

"ఆంప్యూల్ లెక్క కుదరడం లేదు" అని వార్డు నుంచి ఫోను

మార్ఫిన్, ఫెంటానిల్ వంటి గట్టి నొప్పి మందులకు ఖాళీ ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు బుడ్డి) కూడా లెక్కే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు కాగితం లేకుండా మీ సంచిలో రాష్ట్రం దాటిందంటే, అది మరపు అని నిరూపించుకోవడం మీ పని అవుతుంది. కాబట్టి ఫోను రాకముందే మీరే చేయండి. మిగిలిన మందును సింకులో పోయకండి. తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపకండి. అదే రోజు స్వయంగా వెళ్లి ఇన్‌ఛార్జి చేతికిచ్చి, రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాయించి, ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఇంట్లోవాళ్లు "ఎవరికి తెలుస్తుంది, పారేయ్" అంటారు. వినకండి.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ జేబులో దొరికితే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అది చూపులకు డిస్టిల్డ్ వాటర్‌లా ఉంటుంది. దాన్ని తెచ్చానంటే, రోగికి కలిపింది ఏది? ఈ ఒక్క సందేహం ఉన్నా అప్పటికప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు చెప్పండి.

సంచిలో ఇన్సులిన్ సీసా (వయల్)

మే నెల ఎండలో పాతిక కిలోమీటర్లు వచ్చిన వయల్‌ను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వార్డు ఫ్రిజ్‌లో సర్దేయాలనిపిస్తుంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మధ్యలో అది ఎంత వేడెక్కిందో ఎవరూ చెప్పలేరు. నా దృష్టిలో తెలియక తేవడం కంటే తెలిసి చాటుగా తిరిగి పెట్టడమే పెద్ద తప్పు. "వాడకూడదు" అని రాసి అంటించి ఇన్‌ఛార్జికి అప్పగించండి. రక్త నమూనా ట్యూబు సంగతీ అంతే. మర్నాడు ల్యాబులో ఇస్తే చక్కెర తగ్గినట్టు, పొటాషియం పెరిగినట్టు తప్పుడు ఫలితం వస్తుంది. ఫోను చేసి కొత్త నమూనా తీయించండి.

గాజుగుడ్డలో చుట్టిన మంగళసూత్రం

ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర తీయించిన తాళి, మెట్టెలు, ఒడియా ఇల్లాలి శంఖు గాజులు "కాస్త చూడండి సిస్టర్" అని చేతిలో పెడతారు. బంగారం పోతే దొంగతనం అంటారు, తాళి పోతే అపశకునం కూడా అంటారు. అందువల్ల వాళ్లు అడగకముందే కబురు అందాలి. వార్డుకు ఫోను చేసి, వస్తువు మీ దగ్గర ఉందని బంధువులకు చెప్పించండి. వెళ్లి మరో సిస్టర్ ముందు అప్పగించి సంతకం తీసుకోండి. అసలు విరుగుడు మాత్రం ఒకటే: తీసిన నగ తీసినట్టే బంధువుల చేతికి వెళ్లాలి, మన జేబులోకి రాకూడదు.

సంచిలో పగిలిన పాదరసం థర్మామీటర్

చీపురు పట్టకండి, పూసలు ఇంకా చిన్నవై చెదిరిపోతాయి. చేతి ఉంగరాలు ముందు తీయండి, పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టి అట్టముక్కతో పూసలను ఒక చోటికి చేర్చి, ప్లాస్టర్‌తో అంటించి తీసి, మూత గట్టిగా పట్టే సీసాలో వేయండి. దాన్ని వార్డుకు చేర్చండి.

రబ్బరు కట్టు, టేపు చుట్ట, చీటీలు

రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే రబ్బరు కట్టును పిల్లలు ఉండేలుకు కట్టకముందే వెనక్కి తీసుకెళ్లండి. టేపు జిగురు బట్టకు అంటితే కొబ్బరినూనె రుద్ది సబ్బుతో ఉతకండి. బెడ్ నంబర్లు, పేర్లు రాసుకున్న చీటీని చదవడానికి వీల్లేకుండా చింపేయండి. కేసు షీటు అసలు కాగితమే వచ్చేస్తే చింపకూడదు, ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు. అందులో రాత్రి వేయాల్సిన మందు ఉంటే డ్యూటీ సిస్టర్‌కు ఫోనులో చదివి వినిపించి, ఆమెతో తిరిగి చెప్పించుకోండి. కాగితం పొద్దున మొదటి బండికి వెళ్లాలి.