పన్ను వైద్యంలో నిర్లక్ష్యం, పరిహారం – 3వ పాఠం: తేదీల పట్టిక

పోయిన పాఠంలో క్లినిక్ నుంచి కేస్ షీటు, ఎక్స్‌రేలు, బిల్లుల కాపీలు అడిగి తెచ్చుకున్నాం. ఇప్పుడు వాటిని తేదీల వారీగా పేర్చుదాం.

చాలామంది ఫిర్యాదును "నా నోరు పాడు చేశాడు" అని మొదలుపెడతారు. కోపం న్యాయమే కావచ్చు, కానీ పరిహారం రావాలంటే మూడు విషయాలు తేలాలి. డాక్టరు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదు, మీకు నష్టం జరిగింది, ఆ నష్టం దానివల్లే జరిగింది. ఎక్కువ కేసులు తెగేది ఈ మూడోదాని దగ్గరే.

రూట్ కెనాల్ చేస్తుంటే, పన్ను లోపల శుభ్రం చేసే సన్నటి పరికరం (ఫైలు) లోపలే విరిగిందనుకోండి. అది చేయి తిరిగిన డాక్టరుకూ జరుగుతుంది. విరిగిన సంగతి మీకు చెప్పకుండా క్యాప్ వేసి పంపేస్తే మాత్రం అది వేరే లెక్క. కింది జ్ఞానదంతం తీశాక పెదవి మొద్దుబారినా అంతే. నరం పక్కనే ఉంటుంది కనుక ఆ ముప్పు ఎప్పుడూ ఉన్నదే. ముందు ఎక్స్‌రేలో చూశారా, మీకు చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారా అన్నదే ప్రశ్న.

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: తేదీ, పన్ను నంబరు, ఏం జరిగింది, రుజువు. కేస్ షీటులో 36 అని ఉంటే ముప్పై ఆరో పన్ను అని కాదు. 3 అంటే ఎడమ కింది భాగం, 6 అంటే మధ్య నుంచి ఆరోది. అమెరికా పద్ధతిలో అదే పన్ను 19. ఇది తెలియకపోతే తీయాల్సిన పన్ను బదులు పక్కది తీసినా కాగితంలో మనకు కనబడదు.

మొదటి వరసలో ఆ డాక్టరు దగ్గరికి వెళ్లకముందు పన్ను ఎలా ఉండేదో రాయండి. అప్పటికే చిగుళ్ల జబ్బుతో కదులుతుంటే దాచకండి. "ఎలాగూ ఊడేదే" అని అవతలివాళ్లు అంటారు, ఆ మాట ముందు మీ కాగితంలోనే ఉండాలి. రుజువు లేకుండా జ్ఞాపకం మీద రాసినదాని పక్కన "జ్ఞాపకం" అని రాయండి.

ఇంకోచోట సరిచేయించుకునే తొందరలో ఉన్నారా? నొప్పి ఉంటే ఆగొద్దు, కానీ పని మొదలయ్యేలోపే ఫొటోలు, ఎక్స్‌రే తీయించుకోండి. పాత పని చెరిగిపోతే చూపించడానికి ఏమీ మిగలదు.

ఈ వారం పట్టిక పూర్తిచేయండి. ఫిర్యాదు వేసే గడువూ చూసుకోండి: భారత వినియోగదారుల చట్టం కింద 2 ఏళ్లు, ఇంగ్లండ్‌లో సాధారణంగా 3. వచ్చే పాఠంలో ఈ పట్టికతో రెండో డెంటిస్టును ఏం అడగాలో చూద్దాం.