వానలు ముదరకముందే బీరువా వెనక్కి ఒకసారి చూడండి

పోయిన వారం మా వీధి చివరింటావిడ పొలం దస్తావేజులు తీద్దామని చెక్క బీరువా తెరిచారు. ఫైలు అట్ట చేతికొచ్చింది గానీ అందులో కాగితం లేదు, మట్టి ఉంది. కింద అరలోని పట్టుచీరల మడతల్లోనూ అదే చెద మట్టి. కబురొస్తే వెళ్ళాను. ముందు నుంచి చూస్తే పాలిష్ చెక్కుచెదరలేదు. ఇద్దరం పట్టుకుని ముందుకు లాగితే బీరువా వచ్చింది గానీ దాని వెనక ప్లైవుడ్ గోడకే అతుక్కుని ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా అది గోడకు ఆనుకునే ఉందట.

నేను కాకినాడలో ఇరవై ఏళ్ళుగా చెక్క సామాను రిపేర్లు చేస్తున్నాను. దుమ్ము దులపండి, కిటికీలు మూయండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. గోడకు ఆనించకండి.

బీరువాలు, మంచాలు

వానకి బయటి గోడ నీళ్ళు పీల్చుతుంది. బాత్రూమ్ గోడైతే ఏడాదంతా చెమ్మే. బీరువా ఆనించేస్తే ఆ చెమ్మ ఆరడానికి గాలి ఉండదు. చెదలకి కావలసినవి చెమ్మ, చీకటి, తినడానికి చెక్క. మూడూ ఒకేచోట మనమే అమర్చి పెడుతున్నాం. చెద నేలలోంచి వస్తుంది, వెలుతురులో నడవదు, మట్టితో గొట్టం కట్టుకుని అందులోంచి పాకుతుంది. పైపొర వదిలేసి లోపల తింటుంది కాబట్టి సన్‌మైకా మెరుస్తూనే ఉంటుంది. వేలితో తడితే డొల్ల చప్పుడొస్తే అప్పటికే ఆలస్యమైందన్నమాట.

నాలుగు వేళ్ళు దూరేంత సందు వదలండి. అలా జరిపిన ఎత్తు బీరువా ముందుకు పడుతుందేమోనని భయం సహజం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ భయం ఉండాలి కూడా. పైన రెండు మూలలా పొడవాటి ఎల్ క్లాంపులు వేసి గోడకు బిగించమనండి. సందు సందే, పట్టు పట్టే. ఇనప బీరువాకీ ఇదే మాట. దాన్ని చెద తినదు గానీ వెనక తుప్పు పడుతుంది, ఆ చిల్లులోంచి లోపలి బట్టలకి దారి దొరుకుతుంది.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డ సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్లు మూగుతాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. బయట నుంచి వస్తే ఫరవాలేదు. కిటికీలు మూసి ఉన్నా గదిలో ఒకే మూల రెక్కలు కుప్పగా రాలితే మాత్రం ఊడ్చి ఊరుకోకండి, ఆ మూలనే వెతకండి.

మట్టి గీత కనబడగానే చాలామంది చేసేదేమిటంటే, తడి గుడ్డతో తుడిచి, కాస్త కిరోసిన్ పూసి, బీరువాని మళ్ళీ గోడకు నెట్టేస్తారు! కిరోసిన్‌కి చచ్చేవి కంటికి కనబడ్డవే. పుట్ట నేలలో ఉంది. గోడా నేలా కలిసే చోట రంధ్రాలు పెట్టి మందు ఎక్కించే వాళ్ళని పిలవండి. ఆ మందు ఆరేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పని చేసుకునే టేబుల్, కుర్చీ

2020 నుంచి ప్రతి ఇంట్లో ఒక ఆఫీసు టేబుల్ చేరింది. ఎక్కువ భాగం పార్టికల్ బోర్డువి, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసినవి. ప్లగ్గు దగ్గరని దాన్నీ గోడకు ఆనిస్తారు. మళ్ళీ అదే తప్పు. పైగా వెనక నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు. అంచు పట్టీ ఊడిన చోట బోర్డు చెమ్మ పీల్చి బన్నులా ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే నా దగ్గరకి తెచ్చినా లాభం లేదు, ఎండబెట్టినా తిరిగి బిగుసుకోదు.

కుర్చీ సంగతి. మన దగ్గర దొరికే టేబుళ్ళు దాదాపు ముప్పై అంగుళాల ఎత్తు. అయిదడుగుల మనిషికి అది ఎక్కువ, భుజాలు ఎత్తిపెట్టి టైపు చేయాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుర్చీ పైకి లేపి మోచేతులు టేబుల్ ఎత్తుకు తెచ్చుకోండి. పాదాలు గాల్లో వేలాడితే కింద పీట వేసుకోండి. మన పాత భోజనాల పీటకి మించిన ఫుట్‌రెస్ట్ నేను చూడలేదు. సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, లేదంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మా తీరప్రాంతపు చెమటకి చవక రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడిపోతుంది. జాలీ వీపున్నది తీసుకోండి.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి, వరసేమీ లేదు. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి కీబోర్డు విడిగా కొనుక్కోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీంచి తీసి టేబుల్ కాలికి బిగించండి. ఇల్లు తుడిచే తడి గుడ్డ రోజూ కాళ్ళకి తగులుతుంది, రబ్బరు బుష్‌లు తొడగండి. తడి బట్టలు కుర్చీ వీపు మీద ఆరేయొద్దు. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి ఫ్యాను తుడవొద్దు, పెళుసెక్కి ఉంటుంది. మంచం కింద అట్టపెట్టెలు వద్దు. దస్తావేజులు కింద అరలో వద్దు. కలరా ఉండలు బట్టల పురుగుకే, చెదకి కాదు. కొత్త మంచం చేయిస్తుంటే టేకు అన్న మాటకి మురిసిపోకండి, చేవ, అంటే మధ్యలోని ముదురు చెక్క చూడండి, అంచుల్లోని తెల్ల చెక్క టేకైనా పురుగు తింటుంది. బాత్రూమ్ గోడ పక్కన అల్మరా తప్పదంటే ఐఎస్ 710 నంబరు ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి, షాపువాడి నోటి ‘వాటర్‌ప్రూఫ్’ కాదు. దాన్ని కూడా గోడకు ఆనించొద్దు. దివాన్ ఆనించొద్దు. పుస్తకాల అర ఆనించొద్దు. దేవుడి మందిరం కూడా!

ఈ ఆదివారమే జరపండి. ముందు అరలన్నీ ఖాళీ చేసి, చెరో వైపు ఒకరు పట్టుకుని ఎత్తి జరపండి. నిండు బీరువాని ఒక్కరే అడ్డంగా ఈడిస్తే దాని కాళ్ళు విరుగుతాయి, మళ్ళీ నాకే ఫోను చేయాల్సొస్తుంది.