విమానం దిగిన సైకిల్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

పెట్టె విప్పి సైకిల్ బిగించి ఎక్కగానే ఏదో తేడా తెలుస్తుంది. సామాను విసిరేసిన వాళ్ల మీద కోపం వస్తుంది. కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ లోపాలు పెట్టెలో సర్దిన తీరు వల్ల వచ్చినవే. వాటిలో చాలావరకు మన చేతుల్తో మనమే సరిచేసుకోవచ్చు.

గేరు మారిస్తే చైను ఎగురుతోంది, స్పోకుల దగ్గర టకటక శబ్దం

వెంటనే ఆపండి. పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు వేయకండి. చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే డిరైలర్ స్పోకుల్లో చిక్కుకుంటే అదీ పోతుంది, చక్రమూ పోతుంది.

సైకిల్ వెనక కూర్చుని, కన్ను చైను ఎత్తులో పెట్టి చూడండి. డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు ఒకదాని కింద ఒకటి నిటారుగా ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క అది. ఫ్రేము విరగకుండా ముందు తానే వంగాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. పెట్టెను చైను వైపు పడుకోబెట్టి పైన బరువులు పెడితే ఆ భారమంతా దాని మీదే పడుతుంది.

కొద్దిగా వంగితే, డిరైలర్ బోల్టులో 5 మి.మీ. ఎలెన్ కీ దూర్చి మెల్లగా బయటికి లాగి సరిచేయవచ్చు. ఇది ఒక్కసారికే. అల్యూమినియం పదేపదే వంచితే పుటుక్కున విరుగుతుంది. అసలు పరిష్కారం కొత్త హ్యాంగర్. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం హ్యాంగర్ పడుతుంది కాబట్టి ఊరుగాని ఊరిలో దొరకదు. మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి సంచిలో పెట్టుకోండి. మళ్లీ సర్దేటప్పుడు డిరైలర్‌ను విప్పి, కేబులు తీయకుండానే గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలి వైపు కట్టేయండి. ఐదు నిమిషాల పని.

చక్రం బ్రేకులోకి దూరడం లేదు

చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లీవర్ నొక్కుకుపోయింది. ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల్లో అప్పుడు ప్యాడ్లు దగ్గరికి వచ్చి మూసుకుపోతాయి. టైరు విప్పే ప్లాస్టిక్ లీవరును వాటి మధ్య పెట్టి నెమ్మదిగా వెనక్కి నెట్టండి. స్క్రూడ్రైవర్ వద్దు, ప్యాడ్లు దెబ్బతింటాయి. తిరుగు ప్రయాణంలో ప్యాడ్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టండి. డిస్కులు విప్పి విడిగా సర్దితే అవి వంగే భయమూ ఉండదు.

ముందు బ్రేకు వేస్తే హ్యాండిల్ దగ్గర టక్కుమంటోంది

బిగించిన వరుస తప్పింది. హ్యాండిల్‌ను ముందు ఫోర్కుకు కలిపే ముక్క స్టెమ్. దాని పక్క బోల్టులు వదులు చేయండి. పై మూత బోల్టును వదులు కదలిక పోయేవరకు, హ్యాండిల్ మాత్రం తేలికగా తిరిగేలా బిగించండి. చివరగా పక్క బోల్టులు బిగించండి.

పెడల్ ఊడి రావడం లేదు

ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది. పానా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడల్స్ వదులవుతాయి. బిగించేటప్పుడు మరలకు కాస్త గ్రీజు రాయండి.

టైర్లలో గాలి పూర్తిగా తీసేయాలా?

విమానంలో సామాను ఉండే చోట కూడా గాలి పీడనం ఉంటుంది. నేల మీది పీడనంతో పోలిస్తే తేడా సుమారు 4 పీఎస్‌ఐ మాత్రమే. టైరు దానికి పేలదు. సిబ్బంది అడిగితే కొంత తగ్గించండి, పూర్తిగా తీస్తే రిమ్ముకు రక్షణ ఉండదు.

కౌంటర్ దగ్గర పెట్టె ఆపేశారు

చాలా విమాన సంస్థల్లో ఎకానమీ పెట్టెకు పరిమితి 23 కిలోలు. 32 కిలోలు దాటిన పెట్టెను సాధారణంగా తీసుకోరు. సైకిల్ తెస్తున్నట్టు టికెట్ కొన్న రోజే సంస్థకు చెప్పి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. విద్యుత్ సైకిల్ అయితే ముందు బ్యాటరీ మీది అంకె చూడండి. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానుగా అనుమతించరు. విద్యుత్ సైకిల్ బ్యాటరీలు దాదాపు అన్నీ ఆ హద్దు దాటినవే, కాబట్టి దాన్ని ఇంట్లో వదిలి రావాలి.

ఫ్రేములో పగులు కనిపించింది

తొక్కకండి. సామాను అందుకునే హాలు దాటకముందే పెట్టె తెరిచి, పెట్టెకూ పగులుకూ ఫొటోలు తీసి, అక్కడి కౌంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. హోటల్‌కు వెళ్లాక చూసుకున్నా దారి ఉంది. 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, సామాను చేతికొచ్చిన 7 రోజుల్లోగా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. సామానుకు అతికించిన చీటీని, బోర్డింగ్ పాసును అప్పటిదాకా పారేయకండి.